దేవుడమ్మ పొయ్యని నీళ్ళు

కిరందుల్ రైల్వే క్వార్టర్లలో దేవుడమ్మ ఇల్లెక్కడో ఎవరినీ అడగనక్కర్లేదు. గాలి ఎటునుంచి వీస్తోందో చూసుకుని నడిస్తే చాలు. ఎండు నెత్తళ్ళు, రొయ్యపొట్టు, ఉప్పు పట్టిన గోనెలు. ఆ వాసన వెనకాలే పోతే సరిగ్గా ఆమె వాకిట్లో తేలతాం. వాళ్ళ పక్క క్వార్టరే మాది. మా ఆవిడ కిటికీలు మూసేది, నేను తెరిచేవాణ్ణి. రైల్వే బడిలో పిల్లలకి తెలుగు చెప్పడానికి విజయనగరం నుంచి వచ్చినవాణ్ణి, నా ముక్కు ఆ వాసనకి పుట్టినప్పటినుంచీ చుట్టమే.

ఇనుపగని కోసం కొండలు తవ్వి, ఆ ఇనుము మొయ్యడానికి రైలుమార్గం వేస్తే, ఆ మార్గం చూసుకునే గ్యాంగ్‌మన్‌గా వచ్చాడు తాతబాబు. అతని పెళ్ళాం దేవుడమ్మ. భీమిలి దగ్గర పుట్టిన మనిషికి ఇక్కడ సముద్రం లేకపోవడం పెద్ద మోసంలా కనిపించిందట. ఎర్రమట్టి కొండల్ని చూసి, ఇంత ఎత్తు ఎవడికి కావాలి అని మొగుణ్ణి సాధించేది. ఒకసారి పుట్టింటినుంచి తమకోసమే తెచ్చుకున్న ఎండుచేపల బుట్ట వాసన పట్టి, అడవినుంచి కట్టెలమ్మే ఆడవాళ్ళు గుమ్మంలో కూర్చుండిపోయారు. చింతపండు ఇస్తాం, చేపలిమ్మన్నారు. అదిగో, అలా మొదలైంది. భీమిలిలో ఆమె చెల్లెలు నూకమ్మ మూట కట్టి రైలెక్కించేది, ఇక్కడ దేవుడమ్మ దించుకుని దంతెవాడ, సుక్మా, దోర్నపాల్ సంతలన్నీ తిరిగేది.

సంతలో కూర్చుంటే నోరు ఊరుకోదు కదా. హిందీతోపాటు అడవి ఊళ్ళ భాషలు హల్బీ, గోండీ, దొర్లీ అన్నీ పట్టేసింది. ముందు బేరం మాటలు, తర్వాత తిట్లు, ఆ పైన అక్కా చెల్లీ వరసలు. నేను పిల్లలకి ఒక్క భాష నేర్పలేక బెత్తాలు విరగ్గొట్టుకుంటున్న రోజుల్లో ఆమె నాలుగు భాషల్లో నవ్వించేది.

ఈ నోరు చూసే గని ఆసుపత్రివాళ్ళు ఆడవాళ్ళ వార్డులో ఆయాగా పెట్టుకున్నారు. అడవి ఊళ్ళనుంచి వచ్చే రోగులకీ హిందీ డాక్టర్లకీ మధ్య మాట మొయ్యడమే అసలు పని. అక్కడ ఆమెకొక పద్ధతి ఉండేది, సంతలో నేర్చింది. అటు మాట ఇటు చెప్పేటప్పుడు అంతా చెప్పదు. బేరం తెగడానికి ఎంత కావాలో అంతే చెబుతుంది. ఒక డాక్టరు పథ్యం గురించి హిందీలో చాలాసేపు ఉపన్యాసమిచ్చి ఇక చెప్పమన్నాడట. ఈమె రోగి వైపు తిరిగి, కారం తినకు అని ఊరుకుంది. అంతేనా అని ఆయన అనుమానపడితే, వాళ్ళ భాష పొట్టిదండి బాబూ అంది. ఆ కథ చెప్పి మా ఇంట్లో ఎన్నిసార్లు నవ్వించిందో. ఆ నవ్వే తర్వాత ఆమె గొంతులో ముల్లయింది.

ఒక వానాకాలం, అడవిలోపలి భేజ్జి వైపునుంచి సన్నే అనే రోగి వచ్చింది. వెంట మొగుడు ముయా. దోర్నపాల్ దాకా నడిచి, అక్కడినుంచి బస్సులు మారి వచ్చారు. ఎనిమిదేళ్ళ కూతురు కమ్లీని ఇంటిదగ్గర తల్లికి వదిలి వచ్చిందట. కాళ్ళూ చేతులూ పుల్లల్లా ఉన్నాయి, కడుపు మాత్రం నిండు చూలాలి కడుపు. లోపల బిడ్డ లేదు, నీళ్ళు. గర్భసంచికి అటూ ఇటూ ఉండే అండాశయాల్లో కేన్సరు పుట్టి, కడుపంతా నీరు ఊరేలా చేసింది. అప్పటికే ఆలస్యమైందని డాక్టర్లకి తెలుసు, దేవుడమ్మకి తెలుసు. సన్నేకి కూడా తెలుసనే దేవుడమ్మ అనుమానం.

మంచం దగ్గరికి వెళ్ళగానే సన్నే ఆమె మొహంలోకి తేరిపార చూసి, తెలుగు కలిసిన తన దొర్లీలో అంది.

"నువ్వు దోర్నపాల్ల నాకు ఇసుక అమ్మినవ్ గదా. చేపలు ఊకెనే కలిపినవ్."

"ఇసకేటే? అది సముద్రం. చేపలు కొంటే సముద్రం కూడా ఇచ్చినాను నీకు."

సన్నే నవ్వబోయి కడుపు పట్టుకుంది. "అయితే నా కడుపుల ఉన్నది నీ సముద్రమే. తీస్కపో."

ఆ రోజునుంచి అక్కా చెల్లీ అయిపోయారు. దేవుడమ్మ సన్నేకి తల దువ్వేది, ఇంటినుంచి చేపల పులుసు నీళ్ళు దాచి తెచ్చి రెండు చెంచాలు పోసేది. డ్యూటీ అయ్యాక కూడా అక్కడే కూర్చునేది. మా ఆవిడైతే, తాతబాబుకి వండిపెట్టే దిక్కు లేకుండా పోయిందని గొణిగేది.

ఆ వారంలోనే పట్నంనుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. ఆడవాళ్ళ కేన్సర్ల మీద పరిశోధన ఆమెది. సన్నే కడుపులో నీరు ఎలాగూ సూదితో తీసెయ్యాలి, లేకపోతే ఊపిరాడదు. ఆ నీళ్ళలో కేన్సరు కణాలు తేలుతుంటాయి. వాటిని పట్టుకెళ్ళి ల్యాబులో గాజుసీసాల్లో పెంచి చూస్తాననీ, దానివల్ల సన్నేకి ఏ లాభమూ ఉండకపోవచ్చనీ, ఎప్పటికో ఇంకెవరికైనా మందు దొరకవచ్చనీ, ఇష్టం లేకపోతే తీసుకోననీ ఆమె నిదానంగా, విడివిడిగా చెప్పింది. పాపం, దొరతనం లేని మనిషి. ఇదంతా ఆమెకి చెప్పండి, ఆమె ఏమంటుందో నాకు చెప్పండి అని దేవుడమ్మని అడిగింది.

బయట వాన కుండపోత. సాయంత్రం బండిలో నూకమ్మ పంపిన మూట దిగుతుంది. ప్లాట్‌ఫారం మీద రేకు కారుతుంది, చేప తడిసిందంటే తెల్లారేసరికి పురుగు. దేవుడమ్మ చెవి సగం రైలు కూత మీదే ఉంది. సన్నే వైపు తిరిగి, కడుపులో నీళ్ళు తీసి పట్నం పట్టుకెళ్ళి చూస్తారట అంది. అంతే. పెంచడం సంగతి చెప్పలేదు.

సన్నే ఒక్కటే అడిగింది.

"చూసినంక మట్టిల పోస్తరా?"

దేవుడమ్మ స్టేషను వైపు చూసింది. సన్నే మళ్ళీ చెప్పింది. "మా ఇంట్ల ఒంట్లకెల్లి ఏది ఎల్లినా మట్టికే ఇస్తం అక్కా, పేరు జెప్పి. లేకుంటే పోయినోళ్ళు దాన్ని ఎతుక్కుంట తిరుగుతరు. పెద్దల్ల కలువరు."

ఆ మాట డాక్టరమ్మకి చెప్పాలి. చెబితే ఆమె ఇంకేదో అడుగుతుంది, అది ఈమెకి చెప్పాలి. దూరంగా బండి కూసింది.

"పోస్తారు. నేనే పోయిస్తాను," అంది దేవుడమ్మ. డాక్టరమ్మతో మాత్రం, సరేనందండి, సంతోషంగా తీసుకోమంది అని చెప్పి పరుగెత్తింది. మూట తడవలేదు.

నీరు తీశాక సన్నేకి ఊపిరి తేలికైంది. నాలుగు రోజులుండి, ఇంటికి పోతానని పట్టుబట్టి వెళ్ళిపోయింది. మామిడికాయ తినే పండగ రాకముందే పోయిందని దోర్నపాల్ సంతలో ముయా కనిపించి చెప్పాడు. చెప్పి, ఆ నీళ్ళు ఎక్కడ పోశావని అడిగాడు.

అబద్ధాల్లో మొదటిదే కష్టం. ఆసుపత్రి వెనకగోడ దగ్గర నేరేడు చెట్టు కింద పోశానంది. కిరందుల్ వచ్చాక మనసు ఊరుకోక, చెంబుతో కుళాయి నీళ్ళు పట్టుకెళ్ళి ఆ చెట్టు మొదట్లో పోసి, సన్నే, సన్నే అని రెండుసార్లు అంది. అలాగైనా మాట కొంత నిజమవుతుందని. ఆ తర్వాత ముయా అంత దూరమూ వచ్చాడు. చెట్టు దగ్గర గొంతుక్కూర్చుని, పిడికెడు మట్టి తీసి సొరబుర్రలో వేసుకుని, దేవుడమ్మకి దండం పెట్టి వెళ్ళాడు. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. పైగా అతనికి చేపలు కట్టిచ్చింది.

ఏళ్ళు గడిచాయి. నేను రిటైరయ్యాను, క్వార్టరు వదిలి బజారు వెనక చిన్న ఇల్లు తీసుకున్నాను. ఒకరోజు దేవుడమ్మ చేతిలో మిఠాయి పొట్లంతో వచ్చింది. మొహం చూస్తే మిఠాయి మొహం కాదు. ఆ డాక్టరమ్మ మళ్ళీ ఆసుపత్రికి వచ్చిందట, తనని గుర్తుపట్టి, చేతులు పట్టుకుని, మిఠాయి ఇచ్చి, ఆ రోజు తీసిన నీళ్ళలోని కణాలు ఇంకా బతికే ఉన్నాయని సంబరంగా చెప్పిందట. అది ఎలా అవుతుంది మేస్టారూ అని అడిగింది.

నాకు చెప్పడానికి ఎవరైనా దొరికితే చాలు కదా. పత్రికల్లో చదివింది గుర్తుచేసుకుని, సుద్దముక్కతో గచ్చుమీద బొమ్మ వేశాను. మనిషి ఒంట్లోంచి తీసిన కణాలు గాజుసీసాలో కొన్నాళ్ళకి చచ్చిపోతాయి. ఎక్కడో అరుదుగా కొన్ని చావవు. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, పోషిస్తున్నంతకాలం పెరుగుతూనే ఉంటాయి. వాటిని సెల్ లైన్ అంటారు. సీసా నిండితే సగం తీసి ఇంకో సీసాలో వేస్తారు, కొన్ని గడ్డకట్టించి దాస్తారు, అడిగిన ఊళ్ళకి పంపుతారు. కొత్త మందు ఏదైనా వస్తే ముందు వాటిమీద వేసి చూస్తారు. నేను ఊగిపోతూ చెబుతున్నాను.

"తిండి పెడతారా?" అంది.

పెడతారు, గులాబీరంగు ద్రవం పోస్తారు అన్నాను.

"సలికి ఉంచుతారా, ఎచ్చగానా?"

మనిషి ఒంట్లో ఎంత వేడి ఉంటుందో అంత అన్నాను.

ఆమె గచ్చుమీద నేను గీసిన గుండ్రాల్ని ఒక్కొక్కటే వేలితో తాకింది. "తిండి ఉంది, ఎచ్చన ఉంది, పెరుగుతోంది. మరి సన్నే ఎక్కడ సచ్చిపోయింది మేస్టారూ?"

అది సన్నే కాదు, ఆమె రోగం అన్నాను. రోగం ఆవిడ ఒంట్లోది కాదేటి అంది. సుద్ద గీతల్ని కాలితో చెరిపేశాను. అప్పుడు చెప్పింది మొత్తం. మూట సంగతి, నేరేడు చెట్టు సంగతి, సొరబుర్ర సంగతి. సన్నే గురించి ఇంతకుముందు నేను రాసిందంతా ఆ రోజు ఆమె చెప్పిందే. చివర్లో, ఆ డాక్టరమ్మ సన్నే పేరు కూడా మర్చిపోయిందండి, సీసా మీద రాసే ఏవో అక్షరాలూ అంకెలూ చెప్పింది అంది.

అక్కడితో తనలో తను కుమిలి ఊరుకునేదేమో. కానీ ఆ ఎండాకాలం దోర్నపాల్ సంతలో ఆమె బుట్ట ముందు ఒక పడుచు కూర్చుంది. కమ్లీ. తల్లి కళ్ళే. అమ్మకి రాయి నిలబెడుతున్నామంది. వాళ్ళలో పోయినవాళ్ళ పేరున పొడుగాటి బండ తెచ్చి నాటి, ఊరికి భోజనం పెట్టి, ఆ మనిషిని ఇంటి పెద్దల్లో కలుపుకుంటారు. దానికి ఏళ్ళు పట్టినా పడుతుంది. ఇప్పటికి కుదిరిందట. అమ్మకి నీ చేపలంటే పాణం, భోజనానికి నువ్వే ఇయ్యాలె, నువ్వు రావాలె పెద్దమ్మా అంది.

దేవుడమ్మ చేపలు తూచింది. ముల్లు ఒరిగేదాకా వేసింది, ఇసుక దులిపి దులిపి వేసింది. నిజం మాత్రం చెప్పలేదు.

తిన్నగా నా దగ్గరికొచ్చి, డాక్టరమ్మకి ఫోను చెయ్యమంది. ఆ నీళ్ళు కాసిని వెనక్కిస్తారేమో అడగమంది. ఎస్టీడీ బూత్‌లోంచి చేశాను. మట్టిలో పోస్తామని ఇచ్చిన మాట సంగతి మొత్తం చెప్పాను. డాక్టరమ్మ విని, ఆ రోజే ఒక్క మాట చెప్పి ఉంటే మిగిలిన నీళ్ళు అక్కడే ఇచ్చేసేదాన్ని కదా అంది. కణాలు ఇప్పుడు చాలా ఊళ్ళలో ఉన్నాయి, అన్నీ వెనక్కి తేవడం తన చేతిలో లేదు. ఒక చిన్న సీసా పంపగలనంది. కానీ బతికున్నవాటిని ల్యాబు దాటనివ్వరు, మందు వేసి చంపి పంపాలి.

ఆ రోజే చెప్పి ఉంటే అన్న మాట దాచేద్దామనుకున్నాను. దాచలేదు. విని దేవుడమ్మ మెట్టుమీద కూర్చుంది.

"సంపి పంపుతారా?" అంది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, "పంపమనండి," అంది.

సీసా వచ్చింది. బొటనవేలంత ఉంది, లోపల కొంచెం మసకగా ఉన్న నీళ్ళు. ఆమె ఆలోచన నాకు ముందే చెప్పింది. రాయి నాటే గుంటలో ఎవరూ చూడకుండా ఒంపేసి, పేరు చెప్పేస్తుంది. ఇచ్చిన మాట తీరిపోతుంది, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. తోడు రమ్మంది. నాకూ సరదా, వెళ్ళాను. దారి పొడుగునా నేను వాగుతూనే ఉన్నాను, ఆమె సీసా కట్టిన కొంగుముడి పట్టుకునే కూర్చుంది.

భేజ్జి దాటి వాళ్ళ ఊరు చేరేసరికి డోలు మోగుతోంది. మగవాళ్ళు దుంగలకి కట్టి మోసుకొచ్చిన బండ గుంట పక్కన పడుకుని ఉంది. వంటలవుతున్నాయి, మా నెత్తళ్ళ వాసన ఊరంతా. ముసలివాడైపోయిన ముయా సొరబుర్ర పట్టుకుని వచ్చాడు. బిరడా తీసి, అందులోని మట్టిని అరచేతిలోకి వంచి, కళ్ళకద్దుకుని గుంటలో పోశాడు. దేవుడమ్మ చెయ్యి నా భుజాన్ని పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

డోలుగాళ్ళు తప్పుకున్నాక ఆమె మెల్లగా గుంట దగ్గరికి నడిచి కొంగుముడి విప్పింది. కమ్లీ చూడనే చూసింది.

"ఏంది పెద్దమ్మా అది?"

మీ అమ్మ కడుపులో నీళ్ళు అంది దేవుడమ్మ. అవి చెట్టు కింద పోశావు గదా అంది కమ్లీ. అప్పుడు దేవుడమ్మ దొర్లీలో చెప్పడం మొదలుపెట్టింది. జీవితంలో మొదటిసారి ఆ భాష ఆమె నోట్లో పొట్టిగా లేదు. చాలాసేపు చెప్పింది. వంటవాళ్ళు గరిటెలు వదిలి వచ్చారు. నాకు సగం అర్థమైంది, మిగతాది మొహాల్లో చదువుకున్నాను.

ముయా గుంటలోకి వంగి చూశాడు. "గది వట్టి మట్టేనా?"

"వట్టి మట్టే బావా."

"ఇన్నేండ్లు దానికి దండం పెట్టిన," అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

కమ్లీ సీసా అందుకుని వెలుతురుకి ఎత్తి చూసింది. "అమ్మది అంతా గిదేనా? అంతా వచ్చిందా?"

అందరూ దేవుడమ్మ నోటివైపే చూస్తున్నారు. ఒక్క ఔను చాలు. బండ లేస్తుంది, డోలు మోగుతుంది, ముయా ఏడ్చి ఊరుకుంటాడు, మేం తిని బస్సెక్కుతాం. నిజం చెప్పొద్దూ, ఔనను ఔనను అని నేను లోపల గింజుకుంటున్నాను.

"కాదమ్మా," అంది దేవుడమ్మ. "ఇది కాస్తే. మిగతాది ఇంకా బతికే ఉంది. ఆపడం నా వల్ల కాదు."

అక్కడ ఏం చేస్తున్నారు దానితో అని కమ్లీ అడిగితే దేవుడమ్మ నావైపు తిరిగింది. కొత్త మందులు ముందు దానిమీద వేసి చూస్తారని చెప్పాను, గచ్చూ సుద్దా లేకుండా, రెండు ముక్కల్లో.

కమ్లీ తండ్రితో, పెద్దవాళ్ళతో మాట్లాడింది. వచ్చి సీసా దేవుడమ్మ చేతిలో పెట్టింది.

"మాట ఇచ్చింది నువ్వు. పొయ్యి."

దేవుడమ్మ పోసింది. సన్నే అని పెదాలతోనే అంది. మళ్ళీ అనమంది కమ్లీ. అంది.

బండని నిలబెట్టలేదు. గుంట పూడ్చి, బండని దాని పక్కనే పడుకోబెట్టి వదిలేశారు. "అమ్మ ఇంకా పనిల ఉన్నట్టున్నది," అంది కమ్లీ. "పని అయినంక నిలబెడతం. నువ్వే పంపినవ్. నువ్వే తోలుకరా."

వండినవి పారేస్తారా, అందరికీ పెట్టారు. ఆకులో చేపల కూర ముందు దేవుడమ్మ అలాగే కూర్చుంది. కమ్లీ పక్కనుంచి పోతూ ఆగి, ఈసారి ఇసుక తక్కువనే ఉన్నది, తిను అంది. దేవుడమ్మ తినలేకపోయింది.

ఇప్పుడు ఆమె చేపలమ్మడం లేదు. మామిడిపూత వచ్చే రోజుల్లో మాత్రం ఏటా మా ఇంటికొచ్చి మెట్టుమీద కూర్చుంటుంది. నేను డాక్టరమ్మకి ఫోను చేస్తాను. ఆమెకీ అలవాటైపోయింది, ఇప్పుడు సన్నే అనే అంటుంది, అంకెలు చెప్పదు. బాగున్నాయండి, పెరుగుతున్నాయి అంటుంది. ఆ మాట దేవుడమ్మకి చెప్పడానికి నాకు ప్రతిసారీ నోరు రాదు. కుదించకుండా చెప్పండి మేస్టారూ అంటుంది. చెబుతాను.

"అయితే సన్నే ఈ ఏడు కూడా రాదన్నమాట," అని లేచి, భేజ్జి వైపు వెళ్ళే మనిషి ఎవరైనా దొరుకుతారేమో, కమ్లీకి ఆ కబురు అందించాలని బస్టాండుకి నడుస్తుంది.